పసులపోలిగాడి తోక ఎందుకు చీలింది

ఒకప్పుడు పసులపోలిగాడు అనే పిట్ట తోక చీలి ఉండేది కాదు. నల్లగా, నిండుగా, విసనకర్రలా ఉండేది. వాడికి వాడి గొంతు తప్ప ఇంకో గొంతు వచ్చేది కాదు.

ఆఫ్రికాకి దక్షిణం కొసన పెద్ద పెద్ద గడ్డి బయళ్లున్నాయి. అక్కడ బ్లోమ్ అనే ఎర్రెద్దూ, పోలిగాడూ జతగాళ్లు. బ్లోమ్ మేస్తుంటే గడ్డిలోంచి పురుగులు లేచేవి. పోలిగాడు వాడి మూపురమ్మీద కూర్చుని వాటిని పట్టుకు తింటూ అడవి కబుర్లన్నీ చెప్పేవాడు. బ్లోమ్ చెవులాడిస్తూ వినేవాడు.

ఒకరోజు ఫ్లోరిస్ అనే ఆయన బ్లోమ్‌ని తోలుకెళ్లి తన గూడుబండికి కట్టాడు. ఆయనా, ఆయన భార్య లెట్టా సామానంతా ఎక్కించుకుని దూరదేశం పోతున్నారు. బండికి ఎడ్లు జతలు జతలు. అన్నిటికన్నా ముందు జతలో మన బ్లోమ్.

పొద్దున్నే ఫ్లోరిస్ "ట్రెక్" అనేవాడు. వాళ్ల భాషలో లాగమని. ఎడ్లన్నీ మెడలు వంచి కదిలేవి. మజిలీకీ మజిలీకీ మధ్య లాగిన దూరాన్ని కూడా ట్రెక్ అనేవాళ్లు. పోనుపోను ప్రయాణం మొత్తానికీ అదే పేరైపోయింది. ఇప్పుడు కొండలెక్కేవాళ్లు ట్రెక్కింగ్ అంటారే, అది ఆ ఎడ్లబండ్ల దగ్గర్నుంచి వచ్చిన మాటే.

పోలిగాడికి మాత్రం ఆ మాట వింటే ఒళ్లు మంట. కబురు సగంలో ఉండగా అది వినపడేది. బ్లోమ్ మిగతా సగం వినకుండానే నడిచేవాడు.

"నేనింతసేపు వాగినా నీకు పట్టదు. ఆయన ఒక్క ముక్కంటే పరిగెడతావు. ఆయనేం నీ మేనమామా?" అని దెప్పాడు పోలిగాడు.

"బండిలో వాళ్ల ఇల్లుంది కదరా" అన్నాడు బ్లోమ్.

దాంతో పోలిగాడికి ఇంకా కుళ్లొచ్చింది. చాటుగా చెట్టెక్కి ఆ మాట నేర్చుకోడం మొదలెట్టాడు. మొదట తలుపు కిర్రుమన్నట్టొచ్చింది. తర్వాత కప్ప అరిచినట్టు. ఆఖరికి అచ్చం ఫ్లోరిస్ గొంతే వచ్చేసింది. నా మాటకి కదుల్తాడో లేదో చూస్తా అనుకున్నాడు.

మర్నాడు ఏరు దాటుతుంటే చక్రానికి రాయి అడ్డుపడింది. ఎడ్లని ఆపి, ఫ్లోరిస్ నీళ్లలోకి దిగి, చక్రం కింద చేతులు పెట్టి రాయి లాగుతున్నాడు. పోలిగాడు బ్లోమ్ మెడ మీద, కాడి పక్కనే వాలి పలకరించాడు.  బ్లోమ్ చెవులు రెండూ వెనక్కి, ఫ్లోరిస్ వైపే ఉన్నాయి.

పోలిగాడికి ఏడుపొచ్చింది. ఆ ఉక్రోషంలో "ట్రెక్" అని అరిచేశాడు.

ఎడ్లన్నీ లాగాయి. చక్రం ఫ్లోరిస్ చేతుల మీదికి రాబోయింది. బండిలో లెట్టా కెవ్వుమంది.

ఆయన వెనకాలుంటే మాట నా మెడ మీంచి ఎలా వచ్చింది? బ్లోమ్‌కి అనుమానం తట్టింది. కాళ్లు ఇసకలో గుచ్చి, గట్టిగా నిలబడిపోయాడు. ముందు జత ఆగేసరికి వెనక ఎడ్లూ ఆగాయి. ఫ్లోరిస్ చేతులు లాక్కున్నాడు. కాడి మాత్రం జారి మెడకి నొక్కుకుంది. మధ్యలో పోలిగాడి తోక. వాడు గింజుకుని ఎగిరాడు గానీ, నడిమి ఈకలు అక్కడే ఉండిపోయాయి.

సాయంత్రం కాడి దించాక బ్లోమ్ వాణ్ణి దగ్గరికి పిలిచాడు.

"రారా, కూర్చో. నీ గొంతుతో ఏదన్నా చెప్పు, వింటాను."

పోలిగాడు వచ్చి మూపురమ్మీద కూర్చున్నాడు. నోరు తెరవబోతే ఫ్లోరిస్ గొంతే పైకొచ్చింది. దాన్ని మింగేసి గమ్మునుండిపోయాడు.

అప్పటినుంచే పసులపోలిగాడి తోక రెండుగా చీలి ఉంటుంది. చెట్టు మీదుంటే డేగలాగా, ఇంకో పిట్టలాగా ఎవరి గొంతుతోనన్నా అరుస్తాడు. గొడ్డు వీపు మీద వాలాడా, ఇక నోరు మెదపడు.