పైన లింగి ఉంది

ఊఁ కొట్టేవాళ్లు దగ్గరికి జరగండి. ఊఁ కొట్టకపోతే ఈ కథ కొండెక్కదు.

అనగా అనగా, మన తాతల తాతలు పుట్టకముందు, తేనెగుట్ట మీద ఒక పల్లె. ఆ పల్లెలో లింగి అని ఒక బక్కపలచటి మనిషి. ముందూ వెనకా ఎవరూ లేరు. అందరి జొన్నచేలకూ ఆమే కాపలా. మంచె మీద కూర్చుని చిలకల్ని తోలేది.

కొండ కింద కోటలో ఒక దొర. పల్లె గాదెలు నిండాయని తెలిస్తే వాడికి నిద్ర పట్టేది కాదు.

మొదటిసారి దొర వచ్చాడు. పల్లె మగవాళ్లు పెద్ద తుపాకులు ఎత్తారు. మందు దట్టించి, ఉసిరికాయంత సీసపు గుండ్లు వేసి పేల్చారు. ఢాం! ఢాం! కొండంతా పొగ. పొద్దు నడినెత్తికి రాకముందే సీసం అయిపోయింది. దొర గాదెలు ఊడ్చుకుపోయాడు. పోతూ పోతూ, కొండవాళ్లకు సీసం అమ్మినవాడి చెయ్యి నరికిస్తానని సంతలో దండోరా వేయించాడు.

అందరూ ఆ రోజు దొరను చూశారు. మంచె మీది లింగి కావళ్లను చూసింది. చుక్క నీరు దొరకని ఆ ఎండదారిలో, దొర మంది తాగే నీళ్లన్నీ కావళ్లకు వేలాడే తోలుతిత్తుల్లోనే ఎక్కుతున్నాయి.

పల్లెవాళ్లు చేపల వలల సీసం విప్పి కరిగిస్తే ఒక్క ముద్ద తేలింది.

"ఆ ముద్ద నాకియ్యి మావా" అంది లింగి.

కులపెద్ద దారయ్య నవ్వాడు. "చిలకల్ని భయపెట్టడానికా? పో పో."

లింగి పోలేదు. అక్కడే కూర్చుంది. తెల్లారినా లేవలేదు. విసిగి ముద్ద ఆమె ఒళ్లో పడేశాడు దారయ్య. దాన్ని పట్టుకుని కమ్మరి చుక్కయ్య కొలిమికి పోయింది.

"మావా, నాకో తుపాకి చెయ్యి."

"ఉసిరికాయంత గుండు పట్టేలా చెయ్యనా?"

"వద్దు."

"కుంకుడుకాయంత?"

"వద్దు. రేగ్గింజంత చాలు."

చుక్కయ్య సుత్తి దించాడు. "రేగ్గింజతో మనిషి చస్తాడటే?"

"మనిషిని చంపమని నేనడిగానా? నీ పెద్ద తుపాకి తంతే నా భుజం ఊడుద్ది. నీ పెద్ద గుండుకి ఈ ముద్ద రెండుసార్లకే సరి. నాకైతే ఒడి నిండుద్ది. తిత్తికి ఎంత బొక్క పడితేనేం మావా, నీళ్లు కారిపోవా?"

చుక్కయ్య కొలిమి ఊదాడు.

రెండోసారి దొర వచ్చాడు. దారి మలుపులో పెద్ద బండ వెనక లింగి కూర్చుంది. టప్. ఒక తిత్తి కారింది. టప్. ఇంకోటి కారింది. పొగ పెద్దగా లేదు, మోత పెద్దగా లేదు. ఏ బండ వెనకనుంచో తెలియదు. "పైన ఉంది! పైన ఉంది!" అని కావళ్లవాళ్లు కేకలు పెట్టారు. మధ్యాహ్నానికి దొర నాలుక పిడచకట్టింది. మంది దొరకు చెప్పకుండానే దిగిపోయారు. గింజ కూడా తీసుకుపోకుండా వెనకాలే దొరా దిగాడు.

ఆ వానాకాలం లింగికి చలిజ్వరం వచ్చింది. ఏ మందూ పనిచెయ్యలేదు. పోయింది. ఆ బండ పక్కనే పూడ్చారు. తుపాకి కూడా ఆమెతోనే పెట్టారు.

కబురు విని దొర పకపకా నవ్వాడు. ఎండలు ముదరగానే మూడోసారి వచ్చాడు. పల్లెలో సీసం లేదు. చుక్కయ్యా, దారయ్యా, ఆడామగా రాళ్ల వెనక చేరి గొంతులు చించుకున్నారు. "పైన ఉంది! పైన లింగి ఉంది!"

కావళ్లవాళ్లు ఆగిపోయారు.

"చచ్చిందిరా అది! నడవండి!" అని దొర కొరడా ఝళిపించాడు.

వాళ్లలో ముసలివాడొకడు కావడి దించాడు. దొర కళ్లలోకి చూశాడు. "చచ్చింది దొరా. అయినా పైన ఉంది" అన్నాడు. తన చేత్తోనే తిత్తి మూతి విప్పి నీళ్లు నేలపాలు చేశాడు. వాణ్ని చూసి పక్కవాడు విప్పాడు. వాణ్ని చూసి అందరూ విప్పారు.

దొర మళ్లీ ఆ కొండెక్కలేదు.

ఇప్పటికీ తేనెగుట్ట మలుపులో ఎవరూ తల వంచుకుని నడవరు. పసిపిల్లలు కూడా అక్కడ ఆగి ఆ కేక పెట్టాల్సిందే. ఎవడైనా బలిసినవాడు పల్లెకొచ్చి "మీకు దిక్కెవర్రా?" అని గద్దిస్తే, ముసలమ్మలు చేస్తున్న పని ఆపరు. తలైనా ఎత్తరు.

"పైన ఉంది" అంటారు.