శెట్టిగారి సొంత వాటా

పూర్వం ఒక రేవుపట్నంలో నేతగాళ్లు తలా ఒక వాటా వేసుకుని, రత్నగుప్త శెట్టితో కలిసి ఓడలో బట్టలు విదేశాలకు పంపారు. గడువు దాటి మూడు నెలలైనా ఓడ జాడ లేదు.

ఒకరోజు శెట్టి నేతపేటకు వచ్చాడు. "ఓడ ఉందో మునిగిందో ఎవరికి తెలుసు? మీమీద జాలితో అడుగుతున్నాను. మీ వాటాలు పావు ధరకు నాకిచ్చేయండి," అన్నాడు. భయపడి అందరూ ఒప్పుకోబోయారు.

అంతలో వాళ్ల బట్టలకు రంగులద్దే మంగతాయి తన వెండి కడియాలు తీసి అతని ముందు పెట్టింది. "ఓడలో మీకూ వాటా ఉంది కదా శెట్టిగారూ! వీటికి ఎంతొస్తే అంత, అదే పావు ధరకు నాకు అమ్మండి."

"నా వాటా నేనెందుకు అమ్ముతాను?" అన్నాడు శెట్టి ఉలిక్కిపడి.

"అయితే మేమూ అమ్మం," అంది మంగతాయి. నేతగాళ్లకు విషయం అర్థమైంది. ఒక్కరూ అమ్మలేదు.

పదో రోజున ఓడ నిండు లాభాలతో వచ్చింది. ఓడ క్షేమంగా వస్తోందని శెట్టికి ముందే కబురు పంపానని ఓడ నడిపే సరంగు చెప్పాడు.

నేతగాళ్లంతా పట్టుచీర తెచ్చి మంగతాయికి దండం పెట్టారు. ఆమె కళ్లు చెమర్చాయి.

"ఓడ వస్తుందని నాకూ తెలియదయ్యా. అయినా నా మాట మీద పది రోజులు ఆగారు. దండం నేనే పెట్టాలి మీకు," అంది.