ముడులు విప్పే పిట్ట

ఒక ఏటి ఒడ్డున ఒక పుట్టివాడు ఉండేవాడు. వెదురు బద్దలు అల్లి, మీద తోలు కప్పిన గుండ్రటి పుట్టి అతనిది. ఆ ఏటికి వంతెన లేదు. ఇవతలివాళ్ళు సంతకి పోవాలన్నా, అవతలి పెళ్ళికూతురు ఇవతలికి కాపురానికి రావాలన్నా అతని తెడ్డే దారి.

ఏటి నడుమ రెండు నల్లబండల మధ్య ఒక సుడి ఉండేది. పుట్టికి ముందూ వెనకా ఉండవు, తెడ్డు పట్టినవాడికే ఆ తెలివి ఉండాలి. అతను సుడి అంచు దాకా పోనిచ్చి, చేపపిల్ల తిరిగినంత ఒడుపుగా పుట్టిని తిప్పి దాటించేవాడు. దాటించాక మెడ కాస్త ఎత్తేవాడు. ఆ ఎత్తిన మెడ చూసే అతన్ని చేసుకున్నానని అతని పెళ్ళాం ఎవరడిగినా చెప్పేది. ఎవరూ అడక్కపోయినా చెప్పేది.

కొన్నాళ్ళకి అతని కుడిచెయ్యి మొరాయించింది. ఊరికే కూర్చున్నా బొటనవేలూ చూపుడువేలూ ఏదో గింజ నలుపుతున్నట్టు కదులుతూ ఉండేవి. కాళ్ళు గడప దగ్గర నేలకి అతుక్కుపోయేవి. నవ్వు మనసులో పుట్టి ముఖం మీదకి వచ్చేసరికి, ఎదుటివాళ్ళు వేరే మాటలోకి వెళ్ళిపోయేవాళ్ళు. ఒకరోజు సుడి దగ్గరే చెయ్యి కొయ్యబారిపోయింది. ఆ రోజు ఏరు దయ చూపింది కాబట్టి ఒడ్డున పడ్డారు.

కొండమీద మందులిచ్చే అవ్వ ఒకామె ఉండేది. పెళ్ళాం అతన్ని చెయ్యి పట్టుకుని అక్కడికి తీసుకెళ్ళింది. అవ్వ వెదురు పంజరంలో ఒక నీలంపిట్టని తెచ్చి అతని ఒళ్ళో పెట్టింది.

"దీని పాట ముడులు విప్పుతుంది నాయనా. నీ ఒంట్లో పడ్డ ముడి కూడా విప్పుతుంది. ఏమన్నా కొత్తగా అనిపిస్తే వచ్చి నాకు చెప్పు" అంది.

అప్పటికే పిట్ట పాడటం మొదలుపెట్టింది. ఎండకి బిగిసిన తోలు నీళ్ళు తగిలి మెత్తబడినట్టు అతని భుజం మెత్తబడింది. అవ్వ మాట పూర్తయ్యేలోపలే అతను పంజరం ఎత్తుకుని మెట్లు దిగుతున్నాడు. దిగుతూ నవ్వుతున్నాడు. ఆ నవ్వు సమయానికి వచ్చిందని పెళ్ళాం ఒక్కతే గమనించి, కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

పంజరాన్ని పుట్టి అంచుకి కట్టుకున్నాడు. పిట్ట పాడుతుంటే తెడ్డు ఆడేది. మళ్ళీ ఏరు అతనిదైంది. మెడ మునుపటికంటే ఇంకొంచెం పైకి లేచింది.

ఆ ఏటి మీద ఒక ఆచారం ఉంది. మొదటిసారి దాటేవాళ్ళు సుడి దగ్గర ఏటికి ఏదో ఒకటి వేస్తారు. పసుపుకొమ్మో, పువ్వో, కొబ్బరికాయో. వేశాక ముఖం తిప్పేసుకుంటారు. ఏటికి ఇచ్చినదాని వైపు తిరిగి చూడకూడదు. పుట్టివాళ్ళయితే అసలు చూడరు. తండ్రి కొడుక్కి తెడ్డు ఇచ్చేటప్పుడు మొట్టమొదట చెప్పే మాటే అది.

ఒకరోజు ఒక కొత్తకోడలు కొబ్బరికాయ వేసింది. అందరూ ముఖాలు తిప్పుకున్నారు. పిట్ట పాడుతోంది. పుట్టివాడు చూశాడు.

సుడి కాయని మింగింది, లోపల తిప్పింది, తళతళలాడించి మళ్ళీ పైకి విసిరింది. కాయ వచ్చి పుట్టికి తగిలింది. అతని గుండెలో ఏదో కిటికీ తెరుచుకుంది. ఇంతమంది ఉండగా ఏరు తనని ఒక్కడినే పేరు పెట్టి పిలిచిందనిపించింది. అంత సంతోషం అతనికి పెళ్ళిలో కూడా కలగలేదు, చెప్పకూడదుగానీ.

మర్నాడు ఇంట్లోంచి ఒక సొరకాయ తెచ్చి వేశాడు. తిరిగి వచ్చింది. మళ్ళీ వేశాడు, రాలేదు. రానప్పుడు ఈసారి తప్పకుండా వస్తుందనిపించేది. వచ్చినప్పుడు ఇంకొకసారి కూడా వస్తుందనిపించేది. ఎటు చూసినా వెయ్యమనే ఉండేది.

సొరకాయ తర్వాత చెంబు పోయింది. రోకలి పోయింది. గొడుగు పోయింది. మజ్జిగ కవ్వం పోయింది. పెళ్ళాం అడిగితే చుట్టాలు పట్టుకెళ్ళారని చెప్పేవాడు. వాళ్ళకి అంతమంది చుట్టాలు లేరు.

పుట్టిలో కూర్చున్నవాళ్ళు మాత్రం అంతా చూశారు. చూసి, తమకు తెలిసినట్టే అర్థం చేసుకున్నారు. ఏటికి ఇవ్వడమంటే ఆ ఊళ్ళో భక్తే. మా పుట్టివాడు ఇంట్లో కవ్వం కూడా ఏటికి ఇచ్చేశాడని చెప్పుకున్నారు. జబ్బు నయం చేసినందుకు మొక్కు తీరుస్తున్నాడన్నారు. ఊరి పెద్ద చుట్టుపక్కల ఊళ్ళకి వెళ్ళి, మీ ఊళ్ళో ఇలాంటివాడు ఒక్కడన్నా ఉన్నాడా అని అడిగి వచ్చాడు. ముసలివాళ్ళు పుట్టి దిగుతూ అతని పాదాలు తాకేవాళ్ళు. ఒకామె మొగుణ్ణి పట్టుకుని, చూసి నేర్చుకో, నువ్వు ఏటికి ఉమ్మి తప్ప ఏమిచ్చావు ఇన్నేళ్ళలో అని అందరి ముందూ కడిగేసింది.

పెళ్ళాం మాత్రం కవ్వం దగ్గరే ఆగిపోయింది.

"మామా, భక్తి ఉంటే కాయ ఇస్తారు. కవ్వం ఎందుకిచ్చావు? ఏటికి మజ్జిగ చిలుక్కోవాలని ఉందా?"

అతను నవ్వేశాడు. కానీ తర్వాతిరోజు ఆమె కూడా పుట్టి ఎక్కి, అతను కంచం వెయ్యడం చూసింది. మొక్కేవాడి కళ్ళు మూసుకుంటాయి. ఇతని కళ్ళు సుడి మీదే ఉన్నాయి, ఆకలిగా. ఆ కళ్ళు తన మొగుడివేనా అని ఆమెకి మొదటిసారి అనుమానం వచ్చింది.

అతనికీ తెలుసు. పాట ఆగి ఒంట్లో పాత బిగువు తిరిగి వచ్చినప్పుడు, ఖాళీ వంటింటి ముందు నిలబడి తల దించుకునేవాడు. రేపు వెయ్యను అనుకునేవాడు. ఎడమచేతిని పుట్టి అంచుకి కట్టేసుకుని చూశాడు. పాట మొదలవగానే ఆ ముడి ఎలా ఊడేదో తెలిసేది కాదు. అవ్వ దగ్గరికి వెళ్ళి చెబుదామనుకున్నాడు. కానీ ఏమని చెప్పాలి? కాళ్ళకి మొక్కించుకుంటున్న మనిషి, నేను దొంగనని ఏ నోటితో అంటాడు?

సంతరోజు వచ్చింది. పుట్టి నిండా మనుషులు. ఒక నిండుచూలాలు, చాటలు అమ్ముకోవడానికి బయల్దేరిన మేదరామె, ఇంకొందరు. పెళ్ళాం కూడా ఎక్కింది. పిట్ట ఆ రోజు మహా తీయగా పాడుతోంది. సుడి దగ్గరికి వచ్చేసరికి పుట్టివాడు చుట్టూ చూసుకున్నాడు. వెయ్యడానికి ఏమీ లేదు. ఇంట్లో కూడా ఏమీ మిగల్లేదు.

చేతిలో తెడ్డు ఉంది. తాత చేతిది. పట్టుకునే చోట మూడు తరాల అరచేతులు అరిగించిన నునుపు ఉంది.

ఇది తిరిగి వస్తుందని అతనికి గట్టిగా అనిపించింది. వేశాడు.

సుడి తెడ్డుని తీసుకుంది. అంతే.

పుట్టి గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. నిండుచూలాలు కడుపు పట్టుకుంది. పుట్టివాడు ఖాళీ చేతులు చాచి నీళ్ళవైపే చూస్తున్నాడు, ఇంకా వస్తుందని. పెళ్ళాం మేదరామె మూటలోంచి చాటలు లాగి తలా ఒకటి చేతిలో పెట్టింది. అందరూ వంగి, చెరిగినట్టే ఏటిని చెరిగారు. ఊళ్ళో ఆడవాళ్ళకి చెరగడం నేర్పాల్సిన పనేముంది. పుట్టి వంకర టింకరగా ఒడ్డుకి చేరింది.

ఒడ్డంతా జనం. ఊరి పెద్ద పరిగెత్తుకొచ్చాడు. సంగతి విన్నాడు. భక్తుడున్న ఊరని ఇన్ని ఊళ్ళలో చెప్పుకున్న మనిషి. ఆ మాట నీళ్ళపాలు కావడం ఆయనకి ఇష్టం లేదు. పుట్టివాడి భుజం మీద చెయ్యి వేసి, అందరికీ వినబడేట్టు అన్నాడు.

"ఆఖరికి తెడ్డు కూడా ఇచ్చేశావు నాయనా. ఇంతకంటే భక్తి ఎక్కడుంటుంది? ఔను అను, చాలు. ఒడ్డున నీకు అరుగు కట్టిస్తాం. దాటేవాళ్ళంతా నీకు మొక్కి పోతారు. పుట్టి ఇంకెవరైనా నడుపుతారు."

ఔనంటే అతనికి జీవితమంతా దండాలే. ఏరు ఒక్కటీ పోతుంది. కాదంటే ఏరు దక్కుతుందన్న నమ్మకం లేదు, పరువు పోవడం మాత్రం ఖాయం. పిట్ట పాట ఆపేసింది. వేళ్ళు గింజ నలపడం మొదలుపెట్టాయి. అందరూ ఆ వేళ్ళనే చూస్తున్నారు. అతను వాటిని దాచుకోలేదు.

"కాదు పెదనాయనా. నేనేమీ ఇవ్వలేదు. తిరిగి వస్తుందని వేశాను. కవ్వం దగ్గర్నించి తెడ్డు దాకా, అన్నీ వస్తాయనే వేశాను."

మొక్కిన ముసలివాళ్ళు తమ అరచేతులు చూసుకున్నారు. పిట్ట వచ్చాకే ఇలా అయ్యాడని ఎవరో దాన్ని పిసికి పారెయ్యమన్నారు. ఎవరో మనిషినే వెళ్ళగొట్టమన్నారు. పెళ్ళాం పంజరాన్ని చంకన పెట్టుకుని నిలబడింది.

"నేను మొగుణ్ణి పోగొట్టుకున్నానని భయపడ్డాను. ఇప్పుడు మాట్లాడింది నా మొగుడే. తప్పుకోండి, కొండకి పోవాలి" అంది.

కొండ ఎక్కడానికి చాలాసేపు పట్టింది. అతని కాళ్ళు ప్రతి మెట్టుతోనూ వాదులాడాయి. ఆమె తొందరపెట్టలేదు, మోస్తాననలేదు. అతను ఆగినప్పుడల్లా తనే అలిసిపోయినట్టు కూర్చుంది.

అవ్వ అంతా విని, ఆశ్చర్యపోలేదు. తల దించుకుంది.

"ముడులు విప్పడమే దీనికి తెలుసు. ఏ ముడో దీనికి తెలీదు. ప్రతి మనిషీ తన ఆశని ఒక ముడి వేసి దాచుకుంటాడు నాయనా. దాన్ని కూడా విప్పేసింది. నువ్వు చెడ్డవాడివి కాదు."

"ఈ మాట ముందే చెప్పొచ్చు కదవ్వా" అంది పెళ్ళాం.

"చెప్పాను. గట్టిగా చెప్పలేదు. నవ్వుతూ దిగిపోతున్న మనిషిని ఆపబుద్ధి కాలేదు. ఆ తప్పు నాది."

అవ్వ ఒక నల్లగుడ్డ తెచ్చి పంజరం మీద కప్పింది. పాట కొంచెమే వినమంది. కొంచెం వింటే కొంచెమే కదులుతావు, మిగతాది వణుకుతావు, ఒక్కోసారి ఆగిపోతావు అంది. ఎంత వినాలో ఒక్కసారిగా కుదరదనీ, వారానికో మాటు వచ్చి ఏమీ దాచకుండా చెప్పాలనీ అంది. అతను తన చేతిని ముందుకు చాచి, వణుకుతుంటే కాసేపు చూశాడు. పసిబిడ్డని చూసినట్టు చూశాడు.

"వణికేది నేనే అవ్వా. ఆ వేసినవాడెవడో నాకు తెలీదు. నేను నాతోనే ఉంటాను."

ఊరు పుట్టిని అతనికి వెంటనే ఇవ్వలేదు. అతను రోజూ వచ్చి ఒడ్డున నిలబడేవాడు. ఎవరన్నా అడిగితే, దాచకుండా, ఏమేమి వేశాడో చెప్పేవాడు. అడిగినవాళ్ళే సిగ్గుపడేవాళ్ళు. ఈలోగా వేరేవాళ్ళు అరువు తెడ్డు పట్టి చూశారు. పట్టిన ప్రతివాడూ సుడి దగ్గర అందరినీ తడిపేశాడు. చివరికి నిండుచూలాలే, అప్పటికి బిడ్డ తల్లి, బిడ్డని చంకనేసుకుని వచ్చి పుట్టివాడు నడిపితేనే ఎక్కుతానని కూర్చుంది. ఆమె ఎక్కాక కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు. వడ్రంగి కొత్తగా రెండు తెడ్లు చేశాడు. ఒకటి అతనికి, ఒకటి పెళ్ళానికి. పంజరం మళ్ళీ పుట్టి అంచుకి చేరింది, దాని మీది నల్లగుడ్డ కొస ఆమె చేతిలో.

కొన్నాళ్ళు గడిచాయి. ఒక ఉదయం అవతలి ఒడ్డున ఒక కొత్త మనిషి ఎక్కాడు. జరీ తలపాగా, కిర్రుచెప్పులు. ఎక్కడో పెద్ద పెద్ద ఓడలున్న చోటునుంచి వచ్చాడట. పుట్టిని చూసి, ఇది ఎండబెట్టిన గంపా అని నవ్వాడు. అదే పుట్టిలో ఊరి పెద్ద కూడా ఉన్నాడు.

సుడి దగ్గరికి వచ్చారు. పుట్టివాడి చెయ్యి కొయ్యబారింది. తెడ్డు గాలిలోనే ఆగింది. పెళ్ళాం తన తెడ్డుని నల్లబండకి ఆనించి పట్టుకుంది. గుడ్డ కొస మాత్రం లాగలేదు. అతనివైపు చూసింది. అతను వద్దని కళ్ళతోనే చెప్పాడు. ఎవరూ కదల్లేదు. ఎవరూ కంగారుపడలేదు. చంటిబిడ్డ తల్లి పాలివ్వడం మొదలుపెట్టింది. సుడి పక్కనే గుర్రుమంటోంది, దానికి ఎవరూ ఏమీ వెయ్యలేదు.

కొత్త మనిషి పుట్టి అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"ఏమైంది? పుట్టి ఆగిపోయిందేం?"

ఊరి పెద్ద మీసం సవరించుకున్నాడు. ఏ ఊళ్ళోనూ అంత గర్వంగా చెప్పని మాట చెబుతున్నట్టు, నెమ్మదిగా అన్నాడు.

"పుట్టి ఆగలేదయ్యా. మావాడు ఏటిని ఆపాడు."

కొత్త మనిషి వంగి నీళ్ళలోకి చూశాడు. నీళ్ళు పారుతూనే ఉన్నాయి. తల ఎత్తి పుట్టివాణ్ణి చూశాడు, గాలిలో సన్నగా వణుకుతున్న తెడ్డుని చూశాడు, ఎదురుచూస్తున్న ముఖాలన్నిటినీ చూశాడు. మళ్ళీ నీళ్ళలోకి చూశాడు.

ఆ తర్వాత తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.