తప్పు బానదా, తలదా

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త సింగారమ్మ. మిగతావాళ్లు చెప్పేది సగమే.

వెనకటికి ఒక దొరకు కొత్త రంగుల మోజు. ఆయన ఏ రంగు తలపాగా చుడితే వారం తిరక్కుండా ఊరంతా అదే రంగు. అది ఆయనకు ఒళ్లుమంట. ఒకనాడు అద్దకాల ఎర్రక్క నీలిమందు బానలోంచి గుడ్డ తీస్తుంటే చూశాడు. అది చిలకపచ్చగా మెరుస్తోంది.

"రేపటికి నాకు ఇదే రంగు తలపాగా కావాలి. తేడా వస్తే నీ బాన పగలగొట్టిస్తా!"

నీలిమందులోంచి తీసిన గుడ్డ కాసేపే పచ్చన, గాలి తగిలితే నీలమైపోతుంది. ఎర్రక్క ఆ మాట చెప్పబోతే దొర వినలేదు. బాన పోతే ఆమెకు కూడు లేదు.

"ఆ రంగు బాన దగ్గరే చుట్టుకోవాలి దొరా" అని మర్నాడు కబురంపింది. దొర పరివారంతో దిగాడు. ఎర్రక్క గుడ్డ పైకెత్తి, "అయ్యలారా, ఇదేం రంగు?" అంది.

"పచ్చ!" అన్నారంతా.

దొర మురిసిపోతూ చుట్టుకున్నాడు. నాలుగు మాటలాడేలోగా తలపాగా నీలమైంది.

"ఇదేంటే?"

"నా చేతిలో పచ్చగానే ఉంది, అందరూ చూశారు. మీ తలకెక్కాకే మారింది. తప్పు బానదో, తలదో తమరే సెలవియ్యండి దొరా."

బానదందామంటే పచ్చ అన్నది తన పరివారమే, తలదందామంటే పరువు తక్కువ. దొర గొంతు సవరించుకుని, "నీలమే బాగుంది" అన్నాడు. ఎర్రక్క బానకు ఆనుకుని హమ్మయ్య అనుకుంది. వారానికల్లా ఊరంతా నీలం తలపాగాలే.

ఆ మోజు దొర తెచ్చాడని మా ఊరి పంతులు పుస్తకంలో రాసిపెట్టాడు. చదువొచ్చినవాళ్లెవరైనా ఆ ముక్క కొట్టేసి ఎర్రక్క పేరు రాయండి.