పాతరలో దిగిన ఓబులక్క

ఊ కొట్టేవాళ్ళు ఊ కొట్టండి, నిద్రొచ్చినవాళ్ళు పడుకోండి. నేను మాత్రం కథను సగంలో ఆపను.

అనగనగా, మా తాతల తాతలు కూడా పుట్టకముందు, నల్లరేగడి నేలలో ఒక ఊరు. ఆ ఊళ్ళో ఓబులక్క అని ఒక కూలిమనిషి. కలుపు తీసి బతికేది. మొగుడు పోయాడు. రంగి అని ఒక్కతే కూతురు మిగిలింది. ఆ పిల్ల కూడా జ్వరమొచ్చి పోయింది. చిన్నపిల్ల కదా, కాల్చకుండా చేనిగట్టు మీద పూడ్చారు. మన్ను కప్పుతుంటే ఓబులక్క ఏడవలేదు. చుట్టూ ఉన్నవాళ్ళను ఒక మాట అడిగింది.

"జొన్నగింజను పూడిస్తే పైకొస్తాదే. నా బిడ్డ ఎందుకు రాదు?"

మీరైతే ఏం చెబుతారు?

మనుషులు చెప్పలేదని ఆ రోజు నుంచి ఆమె చెట్టునూ చేమనూ అడగడం మొదలుపెట్టింది. ముందు తుమ్మచెట్టును అడిగింది. "నీకు నోరు యాడుండాది? నీళ్ళెట్ల తాగుతావు?" చెట్టు చెప్పలేదు. "సరేలే, చెప్పబుద్ధయినప్పుడు చెప్పు" అని కలుపు తీసుకుంది.

తర్వాత జొన్నమొలకను అడిగింది. "మంటిలో అంతా చీకటి గదా. పైకి దావ నీకెవరు చూపించిరి?" మొలకా చెప్పలేదు. "సరేలే, చెప్పబుద్ధయినప్పుడు చెప్పు" అని మళ్ళీ వంగింది.

చివరికి ఒక గింజను అరచేతిలో పెట్టుకుని అడిగింది. "రాయి మాదిరి ఉండావే. నీ లోపల ఊపిరుండాదా?" గింజ కూడా చెప్పలేదు. "సరేలే, చెప్పబుద్ధయినప్పుడు చెప్పు."

"ఓబులక్క చెట్లతో వియ్యమందింది" అని ఆడవాళ్ళు ఆటపట్టించేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది. నవ్వుకోనివ్వండి పాపం, ఆ ఊళ్ళో నవ్వులు అట్టే రోజులు నిలవలేదు.

ఆ ఊరికంతటికీ కలిపి ఒక విత్తనాల పాతర ఉండేది. పాతరంటే నేలలో బావిలా తవ్విన గొయ్యి. అడుగునా చుట్టూ చొప్ప పరిచి, జొన్నలు పోసి, పైన బండ మూసి మన్ను మెత్తుతారు. తొలకరికి దాన్ని తెరిచే రోజు పెద్ద పండగ. పొద్దున్నే బండ మొత్తం పక్కకు లాగేసేవాళ్ళు. పాతర పక్కనే పొయ్యి పెట్టి అమ్మవారికి పొంగలి వండేవాళ్ళు. పొంగలి ఉడికి, అమ్మవారు తిని, ఊరంతా తిన్నాకే మనిషి లోపలికి దిగేది. ముందే దిగితే అమ్మవారికి కోపమొస్తుందనేవాళ్ళు. ఎందుకు కోపమో ఎవరూ అడగలేదు. అన్నీ అడిగే ఓబులక్క కూడా అది అడగలేదు.

అంతలో వాన ఎగ్గొట్టింది. మొదటి ఏడు ఇళ్ళల్లో గింజలు అయిపోయాయి. రెండో ఏడు పశువులు పోయాయి. మూడో ఏడు మనుషులు పోవడం మొదలయింది. అయినా పాతర జోలికి ఎవరూ పోలేదు. విత్తనం తినేస్తే ఇక ఊరే ఉండదు మరి.

ఒకరోజు ఊరంతా పాతర దగ్గర చేరింది. పుల్లన్న అనేవాడు ముందుకొచ్చాడు. ముందురోజే కొడుకును పూడ్చి వచ్చిన మనిషి.

"మూడేండ్లు చీకట్లో పడుండిన గింజ. అదెప్పుడో సచ్చుంటాది. సచ్చినదాన్ని కాపలా కాస్తా పిల్లోళ్ళను సంపుకుంటామా? తీయండి, తిందాం" అన్నాడు.

"బతికుంటేనో? తిన్న మర్నాడే వానొస్తే ఏం చల్లుతావు రా, మన్నా?" అన్నాడు ఊరిపెద్ద తిమ్మప్ప.

సగం ఊరు ఇటు, సగం ఊరు అటు. కర్రలు కూడా లేచాయి. అప్పుడు ఓబులక్క మధ్యలోకి వచ్చింది.

"మీరూ మీరూ కొట్టుకుంటే ఏమొస్తాది? బతికుండాదో లేదో దాన్నే అడగండి. పిడికెడు గింజలు తీసి తడిగుడ్డలో కడదాం. మోసులెత్తితే దాపెట్టేది. ఎత్తకపోతే తినేది."

అందరూ ఒప్పుకున్నారు. ఎవరు దిగాలి? దిగినవాడు పిడికెడు పైకి తెచ్చి, ఇంకో పిడికెడు గోచిలో దోపుకుంటాడని ఒకరి మీద ఒకరికి అనుమానం. ఆకలి అంత పాడుది.

"నేను దిగుతాలే. దాచిపెట్టడానికి నాకు ఇంట్లో ఎవరుండారు?" అంది ఓబులక్క.

పొంగలి వండడానికి ఊళ్ళో గింజ లేదు. పొంగలి లేదు కనుక పొయ్యి లేదు. పొయ్యి లేదు కనుక ఆగడమూ లేదు. అమ్మవారి ముందు దీపం పెట్టి, తప్పు కాయమని దణ్ణం పెట్టుకున్నారు. బండ మొత్తం తీస్తే జనం ఎగబడతారని తిమ్మప్ప మనిషి పట్టేంత సందే తీయించాడు. ఓబులక్క నడుముకు తాడు కట్టి దింపారు.

"ఎట్లుండాయక్కా గింజలు?" పుల్లన్న పైనుంచి అడిగాడు.

"వెచ్చగుండాయి."

"తీసినావా?"

"తీసినా..." గొంతు నీరసంగా వచ్చింది.

"లాగమంటావా?"

జవాబు రాలేదు. గబగబా లాగారు. ఓబులక్క పైకొచ్చింది కానీ ప్రాణం రాలేదు. ఒంటి మీద గాటు లేదు, దెబ్బ లేదు. కుడి పిడికిలి మాత్రం బిగిసిపోయి ఉంది.

పాముందేమో చూద్దామని పుల్లన్న అమ్మవారి దీపాన్నే తాడుకు కట్టి దింపాడు. సగం లోతు పోగానే ఆరిపోయింది. వెలిగించి మళ్ళీ దింపాడు. ఆరింది. మూడోసారీ ఆరింది. నూనె ఉంది, వత్తి ఉంది, గాలి వీచడం లేదు.

తిమ్మప్ప నేల మీద కూలబడ్డాడు. "లోపలి గాలంతా గింజలే పీల్చేసినాయి. పొంగలి ఉడికేదాకా మనం ఆగేది అమ్మోరి కోసరం గాదు రా. గాలి కోసరం. ఆ సంగతి మన పెద్దోళ్ళు మరిచిపోయిరి, మనం అడగకపోతిమి."

పుల్లన్న ఆరిన దీపాన్ని పక్కన పెట్టాడు. "పీల్చినాయంటే బతికే ఉండాయి" అన్నాడు. తినేద్దామన్నవాడే ఆమె పిడికిలి విప్పి, గింజలు తీసి, తడిగుడ్డలో కట్టాడు. మూడోనాటికి తెల్లగా మోసులెత్తాయి. గింజకు అప్పటికి చెప్పబుద్ధయింది. చెప్పిన తీరు మాత్రం నాకు ఎప్పటికీ నచ్చదు.

బండ మళ్ళీ మూసేశారు. వాన వెంటనే వచ్చిందని అబద్ధం చెప్పలేను. ఈలోగా ఇంకా కొందరు పోయారు. తిమ్మప్ప కూడా పోయాడు. కానీ పాతరను ఎవరూ ముట్టలేదు. వాన వచ్చిననాడు విత్తారు. మొలిచింది. మిగిలినవాళ్ళు బతికారు.

ఓబులక్కను చేనిగట్టు మీద రంగి పక్కనే పూడ్చారు.

ఇప్పటికీ ఆ వైపు పాతర తెరిస్తే ముందు దీపం దింపుతారు. "ఓబులక్కా, ఊపిరుండాదా?" అని మూడుసార్లు పిలుస్తారు. దీపం ఆరకుండా నిలిస్తేనే మనిషి దిగేది. విత్తే ముందు పిడికెడు గింజలు తడిగుడ్డలో కట్టి చూస్తారు. ఆ మూటను ఓబులక్క పిడికిలి అంటారు. చెట్టు నీళ్ళెట్లా తాగుతుందని పిల్లలు అడిగితే కసురుకోరు. తెలిస్తే చెబుతారు, తెలియకపోతే "దానికి చెప్పబుద్ధయినప్పుడు చెబుతాదిలే" అంటారు.

తొలి సాలులో మొదటి పిడికెడు వేస్తూ "నీ దగ్గర తీసుకున్న ఊపిరి ఇదుగో, ఓబులక్కా" అంటారు. రెండో పిడికెడు రంగిది. అది వేసేటప్పుడు మాత్రం ఎవరూ ఏమీ అనరు. పూడ్చిన బిడ్డ ఎందుకు రాదన్న ఆ ప్రశ్నకు జవాబు ఇంకా ఎవరికీ దొరకలేదు.