ఒకే బేసిన్‌లో బ్యూక్, ఇంపాలా

విజయవాడ ఆటోనగర్‌లో ఖాజావలి మేస్త్రిది పాతకార్ల షెడ్డు. నాంచారయ్య ఏడేళ్లుగా అక్కడ పని నేర్చుకుంటున్నాడు. అతని బాధ ఒక్కటే. ఎన్నిసార్లు అడిగినా గురువు సూటిగా జవాబు చెప్పడు.

డాక్టర్ వసుంధర గారికి రెండు అమెరికా కార్లున్నాయి. 1938 నాటి నల్ల బ్యూక్, 1959 నాటి ఎర్ర ఇంపాలా. ఆవిడ ఇల్లు మారుతున్నారు. కొత్త ఇంట్లో ఒక్క కారుకే చోటుంది.

"ఏది గొప్పదో నువ్వే తేల్చు నాంచారయ్యా. వచ్చే నెల మొదటి శనివారం పదింటికి వస్తా. రెండోది అమ్మేస్తా" అని రెండు బండ్లూ షెడ్డులో వదిలి వెళ్లారు.

మేస్త్రిని కాదని తనను అడిగారు! అతని కాలు నేల మీద నిలవలేదు.

నోటుబుక్కులో నిలువు గీత గీసి, అటొకటి ఇటొకటి రాసుకుంటూ పోయాడు. బ్యూక్‌ది పెద్దమనిషి హుందాతనం. ఇంపాలాకి వెనక రెక్కలున్నాయి, తొక్కితే ఉరుకుతుంది. నెల తిరిగేసరికి నలభై పేజీలు నిండాయి గానీ సంగతి తేలలేదు.

"మేస్త్రీ, ఏది గొప్పదంటారు?"

"టీ చల్లారిపోతోంది, తాగు."

నాంచారయ్యకు ఒళ్లు మండిపోయింది. ఏడేళ్లు సేవ చేసింది టీ గురించి చెప్పించుకోడానికా!

శనివారం పొద్దున్నే వచ్చి రెండు కార్ల కార్బురేటర్లూ విప్పేశాడు. ఆ షెడ్డులో ఒక కట్టడి ఉంది. ఒక బండి సామాను గుడ్డలో మూట కట్టాకే రెండో బండి మీద చెయ్యి వెయ్యాలి. పక్కపక్కన పెట్టి తేడా చూడాలనే ఆత్రంలో అతను అది మరిచాడు. అంతా ఒకే కిరసనాయిలు బేసిన్‌లో పడేసి కడిగాడు. తీసి చూస్తే, పెట్రోలును సన్నగా వదిలే వడ్లగింజలంతేసి ఇత్తడి జెట్లు అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఏది ఏ బండిదో తెలియడం లేదు. పదికి పావుగంటే ఉంది.

మేస్త్రి వచ్చి బేసిన్‌లోకి చూశాడు. తిట్టినా బాగుండేది. ఆయన గొంతుక్కూచుని, నోటుబుక్కు అందుకుని, మొదటి పేజీ పర్రున చించాడు.

"అయ్యో మేస్త్రీ! నెల రోజుల కష్టం!"

"కాగితం గట్టిదే."

ఒక జెట్ తీసి, బ్యూక్ కార్బురేటర్‌లో వేళ్లతో తిప్పిచూశాడు. పట్టలేదు. ఇంపాలాదాంట్లో మెత్తగా దిగింది. దాన్ని బయటికి తీసి కాగితంలో పొట్లం కట్టి, పైన ఇంపాలా అని రాశాడు. మిగతావి శిష్యుడి ముందుకు జరిపాడు.

నాంచారయ్య గొణుక్కుంటూనే రెండో పేజీ తనే చించాడు.

పదింటికి డాక్టరు గారు వచ్చారు. "తేల్చావా? ఏది గొప్పది?"

అతని అరచేతిలో ఒక జెట్ ఉంది. బ్యూక్‌లో సగం దిగి ఆగిపోతే, బలవంతం చెయ్యబోయి, మనసు మార్చుకుని బయటికి తీసిన జెట్ అది.

"అమ్మా, ఇది ఏ బండిదో కూడా నాకింకా తెలీదండీ."

మేస్త్రి ఆవిడకి స్టూలు లాగి వేశాడు.

"కూర్చోండమ్మా. మావాడు ఈరోజే పనిలో చేరాడు."