కన్ను పెట్టని చిలక

పచ్చా పచ్చని చిలకా, పలకవేమే చిలకా,
కాటుక చుక్క పెడితే గాని...

ఆ పైన కనకలతకు గుర్తులేదు. ఆ పాట పాడిన అమ్మ కనబడక పన్నెండేళ్లయింది మరి.

అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ఇద్దరు కొడుకులు, ఒక్క కూతురు. ఆ కూతురే కనకలత. రాణి పేరు రంగవల్లి, బొమ్మలు రాసేవాళ్ల ఇంటి ఆడపడుచు. ఆమెను ధూమకంఠుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయి, ఏడు సముద్రాల అవతల, తన గుహ గోడ మీద బొమ్మగా రాసి పెట్టాడు. ఆమె మనసులో ఏముందో చెప్పినవాళ్లు తీసుకుపోవచ్చట. తప్పు చెబితే రాయైపోవడమేనట.

పెద్దన్న వెళ్లాడు. ఎర్రచీర, తలలో మల్లెలు చూసి సంతోషమన్నాడు. రాయైపోయాడు. చిన్నన్న వెళ్లాడు. కంటి కొసన నీటిచుక్క చూసి దుఃఖమన్నాడు. అతనూ రాయైపోయాడు.

మూడోసారి కనకలత బయల్దేరింది. ముసలి తాబేలు ఒకటి వీపు మీద ఎక్కించుకుంది గాని, ఏడు సముద్రాలూ దెప్పుతూనే దాటించింది.

"మీ అన్నలు మొహం చూసి మోసపోయారే పిల్లా. మొహం ఎవరైనా చూస్తారు."

మాంత్రికుడి ప్రాణం ఏదో చిలకలో ఉందనీ, వాడు చస్తే రాళ్లైనవాళ్లు లేస్తారనీ, వాడు రాసిన బొమ్మలు మాత్రం రాలిపోతాయనీ కూడా అదే చెప్పింది.

గుహలో అన్నలిద్దరూ రాళ్లై నిలబడి ఉన్నారు. కనకలత అమ్మ మొహం చూడలేదు, చెయ్యి చూసింది. చేతిలో పచ్చని చిలక. నిమురుతున్నట్టే ఉంది. కాని గోళ్లు తెల్లబడిపోయి ఉన్నాయి. వేళ్లు చిలక మెడ చుట్టూ బిగిసి ఉన్నాయి. ఆ చిలకకు కన్ను లేదు.

బొమ్మలవాళ్ల ఇంట్లో కన్ను చివరగా పెడతారు. కన్ను పెట్టేదాకా బొమ్మకు ప్రాణం రాదు, ప్రాణం రానిదానికి చావూ లేదు. అందుకే మాంత్రికుడు పెట్టలేదు. పోయి పోయి ఆ చిలకను రంగవల్లి చేతిలోనే రాశాడు.

"సంతోషమా, దుఃఖమా?" అన్నాడు వాడు.

"రెండూ కాదు. కాచుకుని ఉంది" అంది కనకలత.

"నిజమే, గోడ మీది బొమ్మను ఎలా తీసుకుపోతావో తీసుకుపో" అని నవ్వాడు వాడు.

చిటికెన వేలితో తన కంటి కాటుక తీసింది. తీసిందే గాని చెయ్యి ముందుకు సాగలేదు. చుక్క పెడితే అమ్మ కూడా రాలిపోతుంది. అప్పుడు బొమ్మ పెదవులు కదిలాయి. అమ్మ ఒక్క మాట అంది. కనకలత కళ్లు మూసుకుని చుక్క పెట్టింది.

చిలక రెక్క కొట్టుకుంది, మెడ విరిగింది, ధూమకంఠుడు కూలిపోయాడు. అన్నలు లేచారు. గోడ కింద గుప్పెడు రంగుపొడి మిగిలింది. దాన్ని కనకలత కొంగున మూటకట్టుకుంది.

తర్వాత ఆమెకు పెళ్లయింది, పిల్లలు పుట్టారు, అరవై ఏళ్లు రాజ్యమేలింది. పిల్లలకు కాటుక పెట్టినప్పుడల్లా ఆమె వేలు ఒక్క క్షణం ఆగేది. అమ్మ అన్న ఆ మాట చెవిలో పడేది:

"పెట్టవే తల్లీ, నా చెయ్యి నొప్పెడుతోంది."